మీరు అడిగిన్రు, మేం చెప్తున్నం: సముద్రం ఉడుకుకూ మన వానకూ లంకె ఏంది?

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ముప్పావు వంతు వాన గురించే ఉన్నయ్, అందుకని మోకాళ్ల నొప్పులు, బ్యాంకు లోన్లు అడిగినోళ్లు ఏమనుకోవద్దు, వాళ్లకు వచ్చే సంచికల చెప్తం. ఒక్క తీరు ప్రశ్నల్ని ఒక్క దగ్గర కలిపినం.

ప్రశ్న: సార్, టీవీ పెడితే చాలు బంగాళాఖాతంల ఉపరితల ఉష్ణోగ్రతలు పెరిగినయ్ అంటున్నరు. మా నర్సంపేటోళ్లు సముద్రం చూడాలంటే రాత్రంతా ప్రయాణం చెయ్యాలె. అక్కడ నీళ్లు ఒక డిగ్రీ ఎక్కువ ఉడికితే ఇక్కడ నా మిర్చి తోటకు ఏమైతది?
– ఒక మిర్చి రైతు, నర్సంపేట

జవాబు: అన్నా, మీ తోట మీద పడే వానల ఎక్కువ భాగం ఒకప్పటి సముద్రం నీళ్లే, బంగాళాఖాతానివో అరేబియా సముద్రానివో ఇంకా దక్షిణాన హిందూ మహాసముద్రానివో. వరంగల్ నుంచి మచిలీపట్నం గీత గీసినట్టు పోతే 250 కిలోమీటర్ల చిల్లర, మొగులుకు అదేం దూరం కాదు. అయితే నీళ్లు ఒక్కటే రావు, వాటితోటి వేడి కూడా వస్తది, అది దారి పొడుగునా థర్మామీటర్‌కు దొరకదు.

ఎట్లంటే ఒక లీటరు నీళ్లను 30 డిగ్రీల నుంచి మరిగే దాకా కాయడానికి 70 కిలోకేలరీలు చాలు, అదే లీటరును 30 డిగ్రీల దగ్గరనే ఉంచి ఆవిరి చెయ్యాలంటే మాత్రం సుమారు 580 కావాలె. సముద్రం మీద పడే ఎండల పెద్ద వాటా ఈ ఆవిరి పనికే ఖర్చయితది. ఆ ఆవిరి గాలిల కలిసి మన దిక్కు వచ్చేటప్పుడు ఆ 580 కిలోకేలరీలను కడుపుల పెట్టుకొనే వస్తది, పైకి పోయి చల్లబడి మళ్లా చుక్క అయినప్పుడు మొగులు లోపల ఆ వేడినంతా వదిలేస్తది. స్కూల్ల గుప్తోష్ణం అని చదువుకొని పరీక్ష అయినంక మర్చిపోయినం గదా, అదే ఇది.

ఎంత వేడి అంటే, మీ ఎకరం మీద 10 మిల్లీమీటర్ల వాన పడ్డదనుకోండి, అది ఊళ్ల ఎవ్వరూ పెద్ద వాన అనరు, అయినా 40 వేల లీటర్ల నీళ్లు. అన్ని నీళ్లు మొగుల్ల ఆవిరి నుంచి చుక్కలైనప్పుడు వదిలిన వేడి కరెంటు లెక్కల 27 వేల యూనిట్లు దాటుతది, నెలకు రెండొందల యూనిట్లు కాల్చే ఇంటికి పదకొండేండ్లు సరిపోయేంత. ఒక్క ఎకరానికి, ఒక్క చిన్న వానకు! మండలం అంతా కురిస్తే ఎంతో మీరే వేసుకోండి. ఆ వేడికి పైన గాలి తేలికై ఇంకా పైకి లేస్తది, కింద ఒత్తిడి తగ్గుతది, ఆ ఖాళీలకు చుట్టూతా ఉన్న తేమ గాలి ఉరికొస్తది, మళ్లా మొగులు, మళ్లా వేడి. సముద్రం గాలిని నడిపిస్తదని సైంటిస్టులు అనేది దీన్నే, పొయ్యి కింద ఉన్నా మంట అంటుకునేది నాలుగైదు కిలోమీటర్ల పైన.

ఇగ ఒక డిగ్రీ సంగతి. గాలి ఒక డిగ్రీ వెచ్చబడితే అది పట్టుకోగలిగే ఆవిరి సుమారు 7 శాతం పెరుగుతది. ఇంకోటి ఏందంటే అన్ని డిగ్రీలు ఒక్క తీరు కాదు, చల్లటి సముద్రం 15 నుంచి 16కు పోతే పెరిగే ఆవిరి ఒత్తిడికి, మన బంగాళాఖాతం 29 నుంచి 30కి పోతే పెరిగేది రెండింతల పైనే. అందుకే యూరప్ దిక్కు సముద్రంల ఒక డిగ్రీ పెరిగిన దానికంటే మన దిక్కు ఒక డిగ్రీకి ఎక్కువ భయపడాలె.

కానీ ఇక్కడనే టీవీలోళ్లు జనాన్ని తప్పు దారి పట్టిస్తరు, సముద్రం వేడెక్కింది కాబట్టి వానలు దంచుతయ్ అని స్క్రోలింగ్ వేస్తరు. బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థ (ఐఐఎస్సీ)ల సులోచనా గాడ్గిల్, ఇంకో ఇద్దరు సైంటిస్టులు కలిసి 1984ల చూపించింది ఏందంటే, హిందూ మహాసముద్రం మీద పెద్ద మొగుళ్లు గుంపు కట్టాలంటే నీళ్లు దగ్గర దగ్గర 28 డిగ్రీలు దాటాలె, అది దాటినంక మాత్రం ఎంత వేడి ఉంటే అంత వాన అనే లెక్క కుదరదు. 28 ఉండాలె, కానీ ఉంటే చాలదు. బంగాళాఖాతం ఎండాకాలం నుంచి దసరా దాకా ఎట్లాగూ ఆ గీత పైననే ఉంటది, అయినా మనకు పది రోజులు ముసురు పట్టి ఇంకో ఇరవై రోజులు ఎండ కొడ్తది గదా. కట్టెలు ఎప్పుడూ ఉన్నయ్, అంటుకునుడు గాలి మీద ఆధారపడ్డది.

ప్రశ్న: మే నెలల మా రామగుండం 45, 46 డిగ్రీలు ఉంటది, సముద్రం 30 దాటదు అంటరు. మరి మనకంటే చల్లగున్న సముద్రం గాలిని ఎట్ల వేడి చేస్తది సార్? మా లెక్చరర్‌ను అడిగితే సిలబస్‌ల లేదు అన్నడు.
– ఇంటర్ సెకండియర్ స్టూడెంట్, హనుమకొండ

జవాబు: తమ్ముడూ, నీ ప్రశ్న సిలబస్‌ల లేకపోవుడే సిలబస్‌కు నష్టం. నువ్వు చెప్పిన నంబర్లు దగ్గర దగ్గర కరెక్టే, కానీ టెంపరేచర్ వేరు, దాచుకున్న వేడి వేరు. రామగుండం నేల పొద్దంతా కాలితే ఆ కాలుడు జానెడు లోతు కూడా సరిగ్గా దిగదు, అందుకే పైన మాడిపోతది, తెల్లారేసరికి మళ్లా దిగిపోతది. సముద్రంల ఎండ నీళ్ల లోపలికి పోతది, అలలు, గాలి ఆ వేడిని ఇరవై ముప్పై మీటర్ల దాకా కలిపేస్తయ్, అందుకే పగలు రాత్రి తేడా ఒక డిగ్రీ కూడా ఉండదు చాలా రోజులు. దానికి తోడు నీళ్లు బరువుకు బరువు చూస్తే గాలి కంటే నాలుగింతల వేడి పట్టుకుంటయ్. ఇంకో లెక్క చెప్తా, సముద్రం పైన రెండున్నర మీటర్ల నీళ్లను ఒక డిగ్రీ వెచ్చ చెయ్యడానికి ఎంత వేడి కావాలో, దాని నెత్తి మీద ఆకాశం అంచు దాకా ఉన్న గాలినంతా ఒక డిగ్రీ వెచ్చ చెయ్యడానికి దాదాపు అంతే కావాలె. రెండున్నర మీటర్లు అంటే మనిషి చెయ్యెత్తి నిలబడ్డంత ఎత్తు, సముద్రం సగటు లోతు మూడున్నర కిలోమీటర్ల పైన. గ్రీన్‌హౌస్ వాయువుల వల్ల భూమి మీద మిగిలిపోతున్న వేడిల 90 శాతానికి పైగా సముద్రాలే మింగుతున్నయ్ అంటే ఇందుకే.

నువ్వు సముద్రాన్ని రామగుండం గాలితోటి పోలుస్తున్నవ్, అది పోల్చుకోవాల్సింది దాని మీదనే ఉన్న గాలితోటి. ఉష్ణమండల సముద్రాల మీద ఎక్కువ రోజులు నీళ్లే గాలి కంటే ఒక డిగ్రీ అటూ ఇటూ వెచ్చగ ఉంటయ్. ఆ తేడాతోటి నేరుగా తాకి ఇచ్చే వేడి తక్కువనే, ఆవిరి రూపంల ఇచ్చేది దానికి ఎన్నో రెట్లు. ఏడాదిల సముద్రాల నుంచి సగటున 1.2 మీటర్ల మందం నీళ్లు ఆవిరై పోతయ్, అందుల దాదాపు తొంభై శాతం మళ్లా సముద్రం మీదనే పడ్తది, నేల మీదికి వచ్చేది మిగిలిన పదో వంతే, గోదావరి గంగ బ్రహ్మపుత్ర అన్నీ ఆ పదో వంతు మీదనే బతుకుతున్నయ్.

రామగుండం 46 డిగ్రీలు కూడా ఉత్తగ పోదు సుమా. నేల అట్ల కాలడం వల్ల ఉపఖండం మీద గాలి తేలికై ఒత్తిడి తగ్గుతది, సముద్రం మీద ఒత్తిడి ఎక్కువుంటది, తేమ గాలి ఇటు మళ్లుతది. రోహిణి ఎండలకు రోళ్లు పగలాలె, అప్పుడే మిరుగు కమ్మగ ఉంటది అని మా పెద్దోళ్లు అనేది, మరీ తు.చ. తప్పకుండా నిజం కాకపోయినా అందుల విషయం ఉన్నది. 1951 నుంచి 2015 మధ్యల ఉష్ణమండల హిందూ మహాసముద్రం సగటున ఒక డిగ్రీ వేడెక్కింది, నేలకూ సముద్రానికీ ఉండాల్సిన తేడా కరిగింది, అదే కాలంల దేశం మొత్తం మీద వానాకాలం వాన సుమారు 6 శాతం తగ్గింది. పొగ, దుమ్ము ఎండను అడ్డుకునుడు కూడా ఈ తగ్గుడుకు ఒక కారణం అంటరు, మొత్తం సముద్రం మీదనే తొయ్యొద్దు.

ప్రశ్న: మా కూలర్ మే నెలల మస్తు చల్లగ కొడ్తది, జూలై వచ్చేసరికి అదే కూలర్, అవే గడ్డి మ్యాట్లు, ఇంట్ల ఉబ్బ తప్ప చల్లదనం లేదు. మెకానిక్ పంపు మార్చాలె అంటుండు. పంపుదేనా తప్పు?
– ఒక గృహిణి, కరీంనగర్

జవాబు: పైసలు దాచుకో అక్కా, పంపు నీళ్లు ఎక్కిస్తుంటే దానిది తప్పు లేదు. కూలర్ చల్లదనం అంతా మ్యాట్ల నీళ్లు ఆవిరయితేనే, మే నెల గాలి ఎండిపోయి ఉంటది కాబట్టి ఆవురావురుమని నీళ్లు తాగుతది, జూలైల అదే గాలి సముద్రం మీద తాగే వస్తది, ఇంక కడుపుల జాగా ఉండదు.

మీ ప్రశ్నను ఈ వరుసల ఎందుకు పెట్టినమంటే సముద్రం కూడా అచ్చం మీ కూలరే. ఎంత ఆవిరి లేస్తది అనేది రెండింటి మీద ఉంటది, గాలి ఎంత స్పీడ్‌గ కొడుతుంది, ఆ గాలి ఎంత పొడిగ ఉంది. వాతావరణ శాఖ కంప్యూటర్లల్ల సముద్రం నుంచి లేచే ఆవిరి లెక్క కట్టే సూత్రం కూడా మూలంల ఇదే, గాలి వేగాన్ని తేమల తేడాతోటి గుణిస్తరు. ఫ్యాన్ స్పీడ్ పెంచితే మ్యాట్లు తొందరగ చల్లబడ్డట్టే, జూన్ నుంచి సోమాలియా దిక్కు నుంచి వచ్చే జోరు గాలికి అరేబియా సముద్రం రెండు మూడు డిగ్రీలు దిగుతది, ఆవిరి రూపంల కొంత పోతది, ఇంకా ఆ గాలి తీరం దగ్గర పై నీళ్లను పక్కకు తోసి అడుగు చల్లనీళ్లను పైకి లాగుతది.

ప్రశ్న: 2023 జూలైల మా దిక్కు ఒక్క రాత్రిల చెరువులు తెగినయ్, మోరంచపల్లి మునిగింది. అదే ఏడు ఆగస్టుల చినుకు లేదు, పత్తి వాడిపోయింది. సముద్రం ఒక్కటే గదా, నెల తిరగంగనే ఇంత తేడా ఎట్ల?
– పరకాల నుంచి ఒక టీచర్

జవాబు: ఈ మధ్య మాకు వచ్చిన వాటిల్ల ఇంతకంటే మంచి ప్రశ్న లేదు సార్, జర ఓపికగ చదవండి.

ముందు జూలై. ఆ నెల 27 పొద్దున దాకా 24 గంటల్ల ములుగు జిల్లా వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటల 649.8 మిల్లీమీటర్ల వాన పడ్డది, తెలంగాణల నమోదైన ఒక్కరోజు వానల్ల అదే రికార్డు. మన ఉత్తర తెలంగాణకు పెద్ద వానలు ఎట్ల వస్తయో ఊళ్లల్ల పెద్దోళ్లకు తెలుసు, ఒడిశా దిక్కు తుఫాను పట్టింది, ఇగ మూడు రోజులు గోదారి గోదారే అంటరు. అది నిజం. వానాకాలంల బంగాళాఖాతం ఉత్తర భాగంల ఒడిశా, ఉత్తరాంధ్ర తీరం దగ్గర అల్పపీడనం పుడ్తది, ఒక్కోటి బలపడి వాయుగుండం అయి ఛత్తీస్‌గఢ్ మీదుగ వాయవ్యానికి జరుగుతది. జరిగేటప్పుడు దాని నడిమిట్ల కంటే నైరుతి పక్కన వాన బాగా దంచుతది, ఎందుకంటే ఆ పక్కననే అరేబియా నుంచి వచ్చే పడమటి గాలి, సుడి తిప్పే గాలి కలిసి గుద్దుకుంటయ్. మ్యాపు తీసి చూడండి, ఒడిశా తీరం మీద వేలు పెట్టి నైరుతికి జరపండి, వేలు ములుగు, భూపాలపల్లి, మంచిర్యాల మీదికి వస్తది. 2022 జూలైల కడెం ప్రాజెక్టు గేట్ల మీదికి నీళ్లొచ్చి జనం ఊపిరి బిగబట్టినప్పుడు, భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటినప్పుడు కూడా ఇదే కథ.

ఉడుకు సముద్రం ఇందుల చేసింది ఏంది? ఆ ఒక్క రాత్రికి ఆ ఒక్క ఊరికి అన్ని నీళ్లు రావుడు సముద్రం వేడెక్కడం వల్లనే అని నేను రాయను, అట్ల రాసేటోళ్లను నమ్మను కూడా. మొగుళ్లు ఒక్క దగ్గర గంటల కొద్ది నిలబడ్డయ్, ఒకటి దిగిపోంగనే దాని ఎనక ఇంకోటి పుట్టింది, అది స్థానికంగ గాలి కుదిరిన తీరు. సముద్రం చేసింది నిల్వ పెంచుడు, డిగ్రీకి 7 శాతం అని పైన నర్సంపేట అన్నకు చెప్పినం గదా, అట్ల కుదిరినప్పుడు కురిసే నీళ్ల కుండ పెద్దదైంది. 1950 నుంచి 2015 దాకా లెక్కలు తీసి పుణెల ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ (ఐఐటీఎం) సైంటిస్టు రాక్సీ మాథ్యూ కోల్ బృందం చూపించింది, మధ్య భారతంల విస్తారంగ పడే అతి భారీ వానలు మూడింతలైనయ్, దానికి తేమ ఎక్కువగ అరేబియా నుంచే, ఆ సముద్రం వేడెక్కిన కొద్దీ పడమటి గాలి ఒక్కోసారి ఉప్పెనలాగ తేమను తెచ్చి పోస్తుంది. మొత్తం వాన తగ్గుకుంట, పడ్డనాడు మాత్రం కుమ్మరించుడు, మీ జూలై ఆగస్టు రెండూ ఈ ఒక్క వాక్యంల ఉన్నయ్.

ఇగ ఆగస్టు. 1901 నుంచి దేశంల రాసి పెట్టిన లెక్కల్ల 2023 ఆగస్టే అన్నిటికంటే పొడి ఆగస్టు, మామూలు కంటే 36 శాతం తక్కువ. బంగాళాఖాతం అప్పుడేం చల్లబడలేదు, వెచ్చగనే ఉన్నది. కానీ వానాకాలంల ముప్పై నుంచి అరవై రోజులకోసారి భూమధ్యరేఖ పొడుగునా పడమర నుంచి తూర్పుకు మొగుళ్ల గుంపు ఒకటి తిరుగుతుంటది, అది మన సముద్రం మీద ఉన్న వారాల్ల వాన, అది పసిఫిక్ దిక్కు పోయిన వారాల్ల మన మీద గాలి కిందికి దిగుతది. గాలి కిందికి దిగితే ఎంత ఆవిరి ఉన్నా మొగులు కట్టదు. దానికి తోడు ఆ ఏడు పసిఫిక్‌ల ఎల్ నినో ముదురుతుండె, ఆ దిగుడును అది ఇంకా గట్టిగ ఒత్తి పట్టింది. ఎల్ నినో గురించి జగిత్యాల నుంచి వేరే ప్రశ్న ఉన్నది, కింద చూడండి.

ప్రశ్న: ఎల్ నినో వస్తే కరువు ఖాయమా? మా పసుపు రైతులు ఆ పేరు వింటేనే విత్తనం కొనుడు ఆపేస్తున్నరు.
– జగిత్యాల

జవాబు: ఖాయం కాదు, భయం మాత్రం ఉత్తది కాదు.

పసిఫిక్ మహాసముద్రంల మామూలుగ గాలి తూర్పు నుంచి పడమరకు కొడుతుంటది, వెచ్చని పై నీళ్లను తోసుకుంట ఇండోనేషియా దిక్కు పోగేస్తది, ఎంతగా అంటే అక్కడ సముద్రం మట్టం పెరూ దిక్కు కంటే అర మీటరు ఎత్తు ఉంటది. పెరూ దగ్గర అడుగు నుంచి చల్లనీళ్లు పైకొస్తయ్. కొన్నేండ్లకోసారి ఆ గాలి మెత్తబడ్తది, పోగైన ఉడుకు నీళ్లు తూర్పుకు జారుతయ్, మొగుళ్లు కూడా నీళ్ల ఎంబడే జారుతయ్, ఇండోనేషియా దిక్కు, మన దిక్కు గాలి పైకి లేసుడు పోయి కిందికి దిగుడు మొదలయితది. మొగుళ్లు తూర్పుకు పోయేసరికి గాలి ఇంకా మెత్తబడ్తది, నీళ్లు ఇంకా జారుతయ్. నీళ్లు గాలిని, గాలి నీళ్లను, ఒకదాన్నొకటి ఎగదోసుకుంటయ్, దీన్నే ఎల్ నినో అంటరు.

ఈ లంకె దొరికిన కథల మన దేశం ఉన్నది, చాలామందికి తెల్వదు. 1877ల, 1899ల వానలు తప్పి దేశంల ఘోరమైన కరువులు వచ్చినయ్. తర్వాత 1904ల గిల్బర్ట్ వాకర్ అనే లెక్కల మనిషి భారత వాతావరణ శాఖకు అధిపతిగ వచ్చిండు, 1924 దాకా ఉన్నడు. వర్షాకాలం ముందే చెప్పొచ్చా అని ప్రపంచంల ఎక్కడెక్కడి గాలి ఒత్తిడి లెక్కలో తెప్పించి సిమ్లాల గుమాస్తాలను కూర్చోబెట్టి చేత్తో లెక్కలు కట్టించిండు, పసిఫిక్‌ల ఒత్తిడి పెరిగితే హిందూ మహాసముద్రం దిక్కు తగ్గుతది, ఇక్కడ పెరిగితే అక్కడ తగ్గుతది అని పట్టుకున్నడు. ఎందుకో ఆయనకు అందలేదు, ఎందుకంటే ఆయన గాలినే చూసిండు. 1969ల జాకబ్ బెర్క్‌నెస్ అనే వాతావరణ సైంటిస్టు ఆ గాలి ఊగుడును కింద ఉన్న సముద్రం వేడితోటి కలిపిండు, అప్పటికి గానీ బొమ్మ పూర్తి కాలే.

మరి కరువు సంగతి? 2002ల ఎల్ నినో ఓ మోస్తరుదే, కానీ జూలైల దేశం సగం వాన పోగొట్టుకున్నది, సీజన్ మొత్తం మీద 19 శాతం లోటు. 2009ల 22 శాతం, 2015ల 14 శాతం. ఇంక 1997 చూడండి, ఆ శతాబ్దంల అతి పెద్ద ఎల్ నినోల్ల ఒకటి, అందరూ కరువే అనుకున్నరు, వాన మామూలు కంటే రెండు శాతం ఎక్కువనే పడ్డది. పసిఫిక్‌ల ఉడుకు ఏ చోట పోగైంది అనేది కూడా లెక్కనే, తూర్పు అంచుల పెరూ దిక్కు పోగయితే మనకు దెబ్బ తక్కువ, నడి పసిఫిక్‌ల పోగయితే ఎక్కువ అని 2006ల పుణె సైంటిస్టులు తేల్చిన్రు. టీవీల ఎల్ నినో అని ఒక్క మాట చెప్తరు, ఎక్కడ అనేది చెప్పరు.

ఇంకోటి మన ఇంటి ముందర ఉన్నది. హిందూ మహాసముద్రంల కూడా పడమటి పక్క, తూర్పు పక్క ఒకటి వెచ్చబడితే ఇంకోటి చల్లబడే ఊగులాట ఉంటది, 1999ల సాజి, గోస్వామి, వినయచంద్రన్, యమగత అనే సైంటిస్టులు దీన్ని బయటపెట్టిన్రు. ఆఫ్రికా దిక్కు వెచ్చగ, సుమత్రా దిక్కు చల్లగ ఉంటే మనకు సాధారణంగ మేలు. 2019ల ఇది గట్టిగ వచ్చింది, జూన్ అంతా ఎండగొట్టి రైతులను ఏడిపించిన ఆ ఏడు చివరికి మామూలు వానల 110 శాతంతోటి ముగిసింది. 1997ల కూడా ఇదే అడ్డం పడ్డదని చాలామంది అంటరు.

అందుకని పసుపు రైతులకు చెప్పండి, ఎల్ నినో అంటే వాన తగ్గే అవకాశం పెరిగింది అని అర్థం, అంతే. నీళ్ల వసతి ఉన్నోళ్లు విత్తనం ఆపాల్సిన పని లేదు, బోరు మీద నమ్మకం లేనోళ్లు విస్తీర్ణం తగ్గించుకుంటే అది తెలివే.

ప్రశ్న: తుఫాన్లు అన్నీ బంగాళాఖాతంలనే ఎందుకు పుడ్తయ్? 2025 అక్టోబర్‌ల మొంథా ఆంధ్రల తీరం దాటితే వరంగల్ కాలనీలు మునిగినయ్, గిదేం లెక్క?
– సింగరేణి కార్మికుడు, మంచిర్యాల

జవాబు: అన్నీ కాదు గానీ పాత లెక్కల ప్రకారం అరేబియాల ఒకటి పుడితే ఇక్కడ నాలుగు, ఈ మధ్య అరేబియాల కూడా పెరుగుతున్నయ్. తుఫాను పుట్టాలంటే నీళ్లు సుమారు 26.5 డిగ్రీలు దాటాలె, ఆ వేడి లోతు దాకా ఉండాలె, పైన గాలి దాన్ని చీల్చొద్దు. మామూలుగ తుఫాను సముద్రాన్ని గిలక్కొట్టి అడుగు చల్లనీళ్లను పైకి తెస్తది, దాని తిండిని అదే పాడు చేసుకుంటది. బంగాళాఖాతంల అది అంత తేలిగ్గ కాదు. గంగ, బ్రహ్మపుత్ర, మహానది, మన గోదావరి కలిసి వానాకాలం అంతా మంచినీళ్లు తెచ్చి పోస్తయ్, మంచినీళ్లు ఉప్పునీళ్ల కంటే తేలిక కాబట్టి పైన పరుపులాగ తేలుతయ్, కిందా మీదా కలవనియ్యవు, తుఫాను ఎంత చిలికినా పైకి చల్లదనం తొందరగ రాదు. అంటే మంచిర్యాల పక్క నుంచి పారిన గోదావరి నీళ్లు కూడా ఆ పరుపుల ఎంతో కొంత ఉన్నయ్ అన్నమాట.

మొంథా 2025 అక్టోబర్ 28 రాత్రి కోస్తాంధ్రల తీరం దాటింది. నేల మీదికి రాంగనే ఆవిరి సప్లై బందై గాలి జోరు తగ్గుతది, అందరూ హమ్మయ్య అనుకుంటరు. కానీ గాలి పడిపోయినా మోసుకొచ్చిన నీళ్లు ఎక్కడికి పోతయ్, సుడి మెల్లగయిన కొద్దీ ఒక్క దగ్గరనే దిగుతయ్. తెల్లారి హనుమకొండ, వరంగల్ దిక్కు పడ్డది అదే. తీరం దాటింది అనే వార్త మనలాంటి లోపలి జిల్లాలకు హెచ్చరిక మొదలైనట్టు లెక్క. ఇగ కాలనీలు మునుగుడుల సముద్రం తప్పు ఎంత, నాలాల మీద కట్టిన ఇండ్ల తప్పు ఎంత అనేది మీకూ తెలుసు.

ప్రశ్న: రామప్ప, పాకాల, లక్నవరం చెరువులు నింపి పెడితే ఆవిరై మనకే వాన పడ్తది గదా?
– ములుగు

జవాబు: పడదు. పాకాల నిండితే సుమారు 30 చదరపు కిలోమీటర్లు, బంగాళాఖాతం 20 లక్షల చదరపు కిలోమీటర్ల పైన. చెరువు ఆవిరి గాలిల కలిసి ఎటో పోతది. చెరువు నింపేది బావులల్ల నీళ్ల కోసం, చేపల కోసం, కట్ట కింద పొలం కోసం, కాకతీయులు కూడా అందుకే కట్టిన్రు.

ప్రశ్న: సముద్రం టెంపరేచర్ ఎవరు, ఎట్ల కొలుస్తరు? అంత పెద్ద సముద్రంల థర్మామీటర్ ఎక్కడ పెడ్తరు?
– హుజూరాబాద్, తొమ్మిదో తరగతి

జవాబు: పాత రోజుల్ల ఓడల నుంచి బకెట్ వదిలి నీళ్లు తోడి థర్మామీటర్ ముంచేటోళ్లు. గుడ్డ బకెట్ అయితే పైకి లాగేలోపే నీళ్లు ఆవిరై చల్లబడేది, లెక్క తక్కువ వచ్చేది, ఆ పాత లెక్కల్ని సరి చెయ్యడానికి సైంటిస్టులు ఇప్పటికీ కుస్తీ పడుతున్నరు. ఇప్పుడు శాటిలైట్లు ఉన్నయ్, కానీ ఇన్‌ఫ్రారెడ్ శాటిలైట్ వెంట్రుక మందం కూడా లేని పై పొరనే చూస్తది, మొగులు అడ్డమొస్తే అదీ లేదు, అప్పుడు మైక్రోవేవ్ శాటిలైట్లు పనికొస్తయ్. లోపలి సంగతికి ఆర్గో ఫ్లోట్లు అని ప్రపంచమంతా సుమారు 4000 తిరుగుతున్నయ్, ఒక్కోటి పది రోజులకోసారి 2000 మీటర్ల లోతు దాకా మునిగి, పైకొచ్చేటప్పుడు కొలుచుకుంట వచ్చి శాటిలైట్‌కు మెసేజ్ కొడ్తది. మన దేశం తరఫున ఈ లెక్కలు చూసే ఆఫీసు ఇన్‌కాయిస్, అది ఉన్నది సముద్రం ఒడ్డున కాదు బిడ్డా, మన హైదరాబాద్ ప్రగతినగర్‌ల. స్కూలోళ్లు టూర్ పెడితే గోల్కొండ, జూ తోటి పాటు అక్కడికీ పర్మిషన్ అడగమను.

ప్రశ్న: ఇదంతా సరే సార్, పత్తి ఎప్పుడు పెట్టాలె? మిరుగు రాంగనే పెడితే పోయినసారి గింజ మాడింది.
– భూపాలపల్లి రైతు

జవాబు: సీజన్ మొదట్ల వచ్చే ఎల్ నినో వార్త చూసి విత్తే తారీఖు పెట్టుకోవద్దు, అది నాలుగు నెలల మొత్తం గురించి చెప్తది, మీ చేను గురించి కాదు. వాతావరణ శాఖ ప్రతి గురువారం రాబోయే వారాల అంచనా ఇస్తది, ఆ తిరిగే మొగుళ్ల గుంపు మన దిక్కు వస్తుందా పోతుందా అనేది అందులనే తెలుస్తది. మంగళవారం, శుక్రవారం జిల్లాల వారీగ రైతుల కోసం బులెటిన్ వస్తది, మీ వ్యవసాయ విస్తరణ అధికారిని (ఏఈవో) అడిగితే వాట్సాప్‌ల పెడ్తరు. మొదటి దుక్కి వానకు ఆగం కాకుండ, నల్లరేగడి అయితే కనీసం 60 మిల్లీమీటర్ల పైన పడి నేల లోపలికి తడిసినంకనే గింజ వెయ్యండి, చెల్క నేల అయితే తొందరగ ఆరుతది కాబట్టి బులెటిన్‌ల తర్వాతి వారం కూడా వాన ఉందో లేదో చూసుకోండి.